ఎవరూ అడగని వీపు

నల్గొండ, రామగిరి
జూలై 2019

చిరంజీవి దశరథ్‌కు అక్క ఆశీస్సులు.

నేను ప్రతిరోజూ సాయంత్రం బార్‌లో కూర్చుని తాగుతున్నాననే వార్త జడ్చర్ల నుంచి బయలుదేరి ఊళ్లు తిరుగుతున్నట్టు తెలిసింది. ముందు దాన్ని సరిదిద్దుతాను. ప్రతిరోజూ కాదు, ఒకే ఒక ఆదివారం. సాయంత్రం కాదు, పట్టపగలు. తాగింది నిమ్మకాయ సోడా. అందులోనూ ఉప్పు ఎక్కువై సగం వదిలేశాను. కూర్చున్న మాట మాత్రం నిజం. నిలబడి బొమ్మలు గీయడానికి నా మోకాళ్లు ఒప్పుకోవు.

వార్త నాకు ఎలా చేరిందో కూడా విను. చిట్యాలలో మన సావిత్రమ్మ చిన్నమ్మ మనవరాలి పెళ్లికి వెళ్లాను. చిన్నమ్మ నన్ను పందిరి వెనక్కి పిలిచి, నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. నా నోటి వాసన తగలకుండానో, తన నవ్వు కనబడకుండానో తెలియదు. "గీ వయసుల నీకేం కష్టమొచ్చిందే సుచరితా, సీసా వట్టినవు?" అంది. ఎవరు చెప్పారని అడిగితే, "జడ్చర్ల కెల్లి వచ్చింది మాట" అంది. జడ్చర్లలో నాకు తెలిసినవాడివి నువ్వొక్కడివే. కాబట్టి ఈ ఉత్తరం.

ఫోన్ ఎందుకు చేయలేదంటావేమో. నువ్వు ఫోన్ ఎత్తగానే స్పీకర్ పెడతావు. నీ ఎరువుల దుకాణానికి యూరియా కోసం వచ్చిన రైతులందరూ నా మోకాళ్ల సంగతి వింటారు. ఉత్తరానికి స్పీకర్ ఉండదు.

జరిగింది చెబుతాను. ఇక్కడ మనీష అని ఒక అమ్మాయి ఉంది, ప్రైవేటు బడిలో డ్రాయింగ్ టీచరు. ఆమె, మరో అయిదారుగురు కలిసి ప్రతి ఆదివారం ఊళ్లో ఏదో ఒక చోట కూర్చుని, ఎదురుగా ఏది కనబడితే అది గీస్తారు. బస్టాండు, రైతుబజారు, మటన్ దుకాణం, ఏదైనా సరే. ఫోటో తీసుకుని ఇంటికి వెళ్లి గీయడం నిషేధం. నేను ముప్పై ఏళ్లు జూనియర్ కాలేజీలో వృక్షశాస్త్రం చెప్పి, మందార పువ్వు నిలువుకోతను బోర్డు మీద ఎన్నిసార్లు గీశానో లెక్కలేదు. రిటైరయ్యాక కూడా పువ్వులే గీయాలని చట్టమేమీ లేదు కదా అని వాళ్లతో చేరాను.

బార్ అన్నది ఆ వారం మనీష ఎంపిక. మేము లోపలికి వెళ్లేసరికి ముగ్గురు మనుషులు గ్లాసులు బల్లకింద పెట్టేశారు, ఒకడు లేచి నిలబడ్డాడు. అందరూ నా విద్యార్థులే. "కూర్చో నాయనా, హాజరు తీసుకోవడం లేదు" అన్నాను. సర్వర్ పెద్దులు కూడా మన కాలేజీవాడే.

"ఏం గావాలె మేడం?" అన్నాడు, ముఖం చెల్లక.

"ఒక కుర్చీ, కిటికీ దగ్గర."

"కుర్చీకి బిల్లు రాదు మేడం. సేటు నన్ను తిడ్తడు. జర సోడానన్న జెప్పుండ్రి."

అట్లా వచ్చింది ఆ సోడా. నీకు చేరేసరికి అది విస్కీ అయింది.

నేను వీపులే గీస్తాను. ముఖం గీస్తే మనిషి సర్దుకుంటాడు, ముక్కు పెద్దదైందని అలుగుతాడు. వీపుకు ఆ గొడవ లేదు. మాలో ఇంకో ఆచారం ఉంది. గీయడం అయ్యాక పుస్తకాలన్నీ బయట మెట్ల మీద విప్పి పెడతాం. ఎవరైనా చూడవచ్చు. ఎవరి బొమ్మ వారు గుర్తుపట్టి అడిగితే, కాగితం చింపి ఇచ్చేస్తాం. ఆ రోజు బార్‌లో వాళ్లందరూ మెట్ల మీదికి వచ్చి, "గిది నా ఈపే మేడం", "నీది గాదురా, నీ ఈపు గంత నిటారుగ యాడున్నది?" అని పోట్లాడుకుని మరీ తీసుకెళ్లారు. ఒక్క వీపు మాత్రం ఎవరూ అడగలేదు. ఆ మనిషి అప్పటికే వెళ్లిపోయినట్టుంది.

అదే నీకు పంపుతున్నాను, నా నిర్దోషిత్వానికి సాక్ష్యంగా. తాగిన చేయి ఇంత సూటిగా గీయగలదేమో చూసుకో. బొమ్మలోని మనిషిని కూడా కాస్త చూడు. చొక్కా చేతుల మీద ఇస్త్రీ కత్తిలా ఉంది, వీపు మాత్రం నెర్రెలిచ్చిన చెరువు. తన ఇస్త్రీ తానే చేసుకునే మగవాడు అద్దంలో కనిపించినంత మేరకే చేసుకుంటాడు. కాలరు వెనక సగం లేచే ఉంది. దాన్ని మడిచే చేయి ఇంట్లో లేదు కాబోలు. ఇటువంటివారు ఆదివారం పూట బార్‌లో కూర్చోవచ్చు, ఎవరూ వార్త మోయరు.

చివరగా ఒక్క ప్రశ్న. నన్ను బార్‌లో చూసిన ఆ మహానుభావుడెవరు? అంతకన్నా ముఖ్యంగా, ఆయన అక్కడ ఏం చేస్తున్నాడు?

నీ అక్క
సుచరిత


జడ్చర్ల
ఆగస్టు

అక్కకు దశరథ్ దండాలు.

నీ ఉత్తరం అందింది. రెండుసార్లు చదివిన. నీ ఉత్తరం ఎప్పుడైనా ఒకసారి నవ్వుకుంట, ఒకసారి తిట్లు ఏరుకుంట చదవాలె.

ఎవరు జెప్పిండ్రని అడిగినవు. ఎవరో ఒకరు. పేరు జెప్తే నువ్వు ఆయనకు గూడ ఉత్తరం రాస్తవు. ఆయన బతకాలె గదా.

నువ్వు తాగినవని నేను అంటలేను. కూసున్నవు గదా అంటున్న. డెబ్బై దాటిన ఆడమనిషివి, లెక్చరర్ జేసినదానివి. నువ్వు బస్‌స్టాండ్ల నేల మీద కూసున్నా ఫికర్ లేదు. బార్ల కూసుంటే నేను దుకాణంల తలెత్తుకోని కూసునుడెట్ల? నువ్వు ఒక్కదానివి ఉండుడే తప్పు అక్కా. ఇది ఇయ్యాల కొత్తగ జెప్తలేను. ఒక్కదానివి ఉంటే గిసుంటి సోకులే పుడ్తయి.

ఒక నిర్ణయం జేసిన. దసరా దాకా సూస్త. పండుగ ఎల్లంగనె రామగిరి ఇల్లు ఖాళీ జెయ్యి. వేరే కిరాయిదార్లను సూసిన, మాట గూడ ఇచ్చిన. ఇక్కడ మా మీదంతస్తుల రూమున్నది, గాలి మంచిగొస్తది. నీ మరదలు యశోద గూడ "అక్క వస్తే ఇల్లు నిండుగుంటది" అని పొద్దుమాపు అంటాంది. నువ్వు వండుకోవాల్సిన పని గూడ లేదు. అంటే, మనసైతే వండొచ్చు. నీ చేతి పచ్చిపులుసు తినక ఎన్ని రోజులాయె.

ఇల్లు నా పేరు మీద ఉన్నది అక్కా. గా మాట నా నోటితోని అనిపియ్యకు.

బొమ్మ జూసిన. మంచిగనె గీసినవు. కని గా మనిషిని అంత ఎగతాళి జేసుడు బాగలేదు. ఎవల ఇంట్ల ఏమున్నదో ఎవలకెరుక? ఇస్త్రీ పెట్టె ఈపు దాక వచ్చేసరికి కరెంటు పోయి ఉంటది. పాపం, తాగింది గూడ ఒట్టి సోడానె. నీ లెక్కనె.

నీ తమ్ముడు
దశరథ్


నల్గొండ, రామగిరి
ఆగస్టు చివర

దశరథ్‌కు,

నీ ఆజ్ఞాపత్రం అందింది. నీ ఇంట్లో కిరాయికుంటున్న మనిషికి దసరా దాకా గడువిచ్చిన యజమానిగా నీ దయకు కృతజ్ఞురాలిని. నెలనెలా కిరాయి కట్టి, నువ్వు వద్దంటున్నా రసీదు రాయించుకున్నది ఎందుకో ఇప్పుడు నీకు అర్థమై ఉంటుంది. అక్కాతమ్ముళ్ల ప్రేమకు హద్దు ఉండకపోవచ్చు కానీ ఇంటికి యజమాని ఉంటాడని నాకు మొదటినుంచీ తెలుసు.

నా ఒంటరితనం గురించి కూడా చాలా బాధపడ్డావు. ఉదయం లేచి నా తలుపు నేను తీస్తాను, రాత్రి నా తలుపు నేను వేస్తాను. మధ్యలో ఏం చేశానని అడిగేవారు లేరు. దీన్ని నువ్వు తప్పంటావు, నేను పెన్షన్ అంటాను. మీ మీదంతస్తు గదిలో గాలి బాగా వస్తుందని రాశావు. గాలి వస్తుంది, నిజమే. నేను బయటికి వెళ్లేటప్పుడు "ఎటు పోతున్నవక్కా" అనే మాట కూడా వస్తుంది.

మొన్నటి ఆదివారం ప్రకాశం బజారులో గాలయ్య అనే దర్జీ దుకాణంలో కూర్చున్నాం. పండుగ జాకెట్ల హడావిడిలో ఉన్నాడు. మమ్మల్ని చూసి కుట్టడం ఆపలేదు గానీ పొట్ట లోపలికి పీల్చాడు.

"గీసుడైతే గీయుండ్రి మేడం, జర నడుం తక్కువ బెట్టి గీయుండ్రి."

"నువ్వు నా జాకెట్టు కుట్టినప్పుడు కొలతలో తగ్గించావా?"

"గది గుడ్డ మేడం. గిది ఇజ్జత్."

వీపు గీశాను కనుక ఇజ్జత్‌కు భంగం రాలేదు. దుకాణంలో ఉన్న ఆడవాళ్లందరూ నవ్వారు. నేనూ నవ్వాను. నా వయసులో ఆదివారం నవ్వడానికి ఒక చోటుండటం నీ దృష్టిలో సోకు కావచ్చు.

ఇక ఒక చిన్న సందేహం, తీర్చగలవేమో చూడు.

నేను పంపిన బొమ్మ నల్ల సిరాతో గీసింది. అందులో రంగులు లేవు. రంగుల మాట అటుంచు, అందులో గ్లాసే లేదు. బల్ల మొత్తం ఆ మనిషి వీపు చాటున ఉంది. ఆయన ముందు ఏముందో నాకు కనబడలేదు, కనుక నేను గీయలేదు. మరి ఆయన తాగింది సోడా అని జడ్చర్లలో కూర్చున్న నీకు ఎలా తెలిసింది? ఇస్త్రీ మధ్యలో కరెంటు పోయిన ఇల్లు ఎవరిది?

నీ ఉత్తరం చదివి, రాత్రంతా ఆ బొమ్మను మనసులో తిరగేశాను. ఎడమ భుజం కొంచెం కిందికి ఉంటుంది. చిన్నప్పుడు చింతచెట్టు మీది నుంచి పడితే ఆ భుజాన్ని కట్టించడానికి నిన్ను పుత్తూరు కట్టువాడి దగ్గరికి మోసుకెళ్లింది నేనే. ఆ భుజాన్ని ఆదివారం మధ్యాహ్నం తీరిగ్గా కూర్చుని, గీత గీతకూ తలెత్తి చూసి గీశాను. గుర్తుపట్టలేదు.

మనీష మాకు నేర్పిన మొదటి పాఠం ఇదే. "మేడం, గీసేటప్పుడు పేరు మర్చిపోవాలె. ఇది చెవి, ఇది భుజం అనుకుంటే చేయి అబద్ధం జెప్తది. ఒట్టి గీతలే జూడుండ్రి." నేను ఎప్పుడూ మంచి విద్యార్థినినే. భుజం పేరు మర్చిపోయాను, భుజం ఎవరిదో కూడా మర్చిపోయాను. మర్చిపోయింది చాలక ఎగతాళి రాసి, ఆ భుజానికే తపాలా బిళ్ల అంటించి పంపాను.

ఇంత దూరం వచ్చి నా ముందే కూర్చుని, నన్ను పలకరించకుండా వెళ్లిపోయిన కారణం రాయి. నేను కారణం తెలుసుకునే దాకా, నువ్వు మాటిచ్చిన ఆ కిరాయిదార్లను కాస్త ఆగమని చెప్పు. వాళ్లు నిజంగా ఉంటే.

సుచరిత


జడ్చర్ల
సెప్టెంబరు

అక్కా,

దొరికిపోయిన. ఇగ దాసేదేం లేదు.

యశోద ఇక్కడ లేదు. ఉగాది ఎల్లినంక హైదరాబాద్ బిడ్డ దగ్గరికి పోయింది, మనవడిని సూసుకునేటందుకు. రెండు నెలలల్ల వస్త అన్నది. ఇప్పుడేమో "వాడు బడికి పోయెదాక" అంటాంది. నేను గూడ పోవచ్చు గని గక్కడ నాకు సోఫా మీద జాగా. దుకాణం గూడ ఇడిచిపెట్టలేను.

పొద్దుగాల హోటల్ ఇడ్లి. మాపటికి గంజి, మామిడికాయ తొక్కు. ఇంట్ల టీవీ బంద్ జేస్తే గడియారం సప్పుడు ఇనబడ్తది. నాకు గా సప్పుడు ఎన్నడు తెల్వదు అక్కా. నిన్ను జీవితమంత "ఒక్కదానివి ఎట్లుంటవ్, ఒక్కదానివి ఎట్లుంటవ్" అని సంపిన. నాకు నాలుగు నెలలు గూడ శాతగాలె. ఆ మాట నీతోని జెప్పేటందుకె కల్వకుర్తిల బస్సు మారి వచ్చిన. చెప్పి, నీ దగ్గర రెండు రోజులుండి పోదామనుకున్న.

ఇంటికి తాళం. పక్కింటి నాగరాణి, "మేడం ఆదివారం దొరకదన్నా, బొమ్మలకు పోతది" అన్నది. ఎండ కొడ్తాంది. బార్ల ఏసీ ఉంటదని పోయి కూసున్న. సోడానె తాగిన, అమ్మతోడు. కొద్దిసేపటికి నువ్వు వచ్చినవు, నేను మొకం అవుతలికి తిప్పుకోని ఓరగ సూసిన. నీ ఎనుక పోరగాండ్లు, పోరీలు. నువ్వు ఏదో అన్నవు, అందరు నవ్విండ్రు. నువ్వు అంత గట్టిగ నవ్వంగ నేనెన్నడు సూడలె. నేను లేస్తే నువ్వు "దశరథ్, నువ్వు బార్ల ఏం జేస్తున్నవ్" అంటవు. లేవకపోతే నువ్వు నన్ను సూస్తనె ఉన్నవు. రెండు దిక్కుల ఇరికిన. నువ్వు పుస్తకం మూయంగనె ఎనుక దర్వాజల కెల్లి పోయిన.

మాట బయటవెట్టింది నేనె. పక్క దుకాణం లింగయ్యతోని చాయ్ తాగుకుంట, "మా అక్క బార్ల కనబడ్డది" అన్న. గంతె అన్న. ఆయన కోడలిది చిట్యాల. ఇగ మిగిలింది వాళ్లు కలుపుకున్నరు.

కిరాయిదార్లు ఎవరు లేరు. ఇల్లు నీదె అనుకో, ఎన్నేండ్లన్న ఉండు. కిరాయి గూడ వద్దు. కని అక్కా, ఒక్కసారి రా. నాలుగు నెలలుండు. నీ కాళ్ల మీద పడి అడుగుతున్న.

దశరథ్


నల్గొండ, ప్రకాశం బజారు
అక్టోబరు, దసరా ముందు

చిరంజీవి దశరథ్‌కు అక్క ఆశీస్సులు.

నీ ఉత్తరం ఒక్కసారే చదివాను. మొదటిసారి నువ్వు రెండుసార్లు చదవనక్కరలేని ఉత్తరం రాశావు.

ముందు వైద్యం. ఒంటరితనాన్ని నలభై ఏళ్లుగా నువ్వు నా జబ్బు అంటున్నావు, ఇప్పుడది నీకు అంటుకుంది. నేను డాక్టరును కాను, పాత రోగిని. కనుక సలహా ఇవ్వగలను. గడియారం చప్పుడు వినబడితే టీవీ పెట్టకు, గడియారానికి అలవాటుపడు. ఒక నెల తర్వాత అది ఆగితే నిద్రపట్టదు. అన్నం పొయ్యి మీద పెట్టి దుకాణం లెక్కలు చూడకు. పచ్చిపులుసుకు చింతపండు నానబెట్టాలి, ఉడికించకూడదు. ఇంత చిన్న సంగతి కోసం ఎవరూ ఇల్లు మారరు. ఇస్త్రీ వీపు నుంచి మొదలుపెట్టు. కరెంటు పోయినా ముందు భాగాన్ని తువ్వాలుతో కప్పుకోవచ్చు.

యశోదను నిందించకు. మనవడు బడికి వెళ్లేదాకా అంటే అర్థం, ఆమెకు అక్కడ బాగుంది. నీకు ఆమె కావాలంటే వెళ్లి అడుగు. నీ ఉత్తరంలో "ఆమె వస్త అన్నది" అని రాశావు గాని, "నేను రమ్మన్న" అని ఎక్కడా లేదు. నీకు కావలసింది మనిషి. నువ్వు అడగడం చేతకాక ఒకరికి ఇల్లు ఖాళీ చేయమని నోటీసిచ్చావు, ఇంకొకరు వచ్చేదాకా చూస్తూ కూర్చున్నావు. అడగడానికి నల్గొండ దాకా వచ్చి, సోడా తాగి వెళ్లావు.

లింగయ్య కోడలికి నా నమస్కారాలు చెప్పు. నిమ్మకాయ సోడాను ఇంతదూరం మోసిన మనిషిని నేనెరుగను.

నువ్వు ఎప్పుడైనా ఆదివారం రావచ్చు. వస్తే ఈసారి ఎదురుగా కూర్చో. పేరు తెలిసి గీస్తే చేయి అబద్ధం చెబుతుందట. చెప్పనీ. నీ ముక్కును కొంచెం చిన్నదిగా గీస్తాను, అలగవు.

ఇక ఇంటి సంగతి. ఆగస్టులో కోపంగా ఖాళీ చేయమన్నావు, సెప్టెంబరులో ప్రేమగా ఉండమన్నావు. కిరాయి కూడా వద్దన్నావు. రెండూ యజమాని మాటలే దశరథ్. మొదటి మాటకు నాకు కోపం వచ్చింది, రెండో మాటకు భయం వేసింది. కిరాయి కట్టని ఇంట్లో నేను ఎవరినవుతాను? నీ మీదంతస్తు గదిలో ఉన్నట్టే అవుతుంది, ఊరొక్కటే వేరు.

నిజం చెప్పాలంటే, నీ రెండో ఉత్తరం వచ్చేనాటికి నేను ఆలోచించడానికి ఏమీ మిగల్లేదు. దర్జీ గాలయ్య దుకాణం మీద ఒక గది ఖాళీగా ఉందని అక్కడ గీస్తున్నప్పుడే చూశాను. నీ నోటీసు వచ్చిన వారంలో వెళ్లి అడిగాను.

"ఒక్కరేనా మేడం?" అన్నాడు.

"ఒక్కదాన్నే. రెండో మనిషికి వేరే కిరాయా?"

"గట్లగాదు. ఒక్క ఆడమనిషికి రూమిస్తే మా అక్కలు నన్ను నాలుగు మాటలంటరు."

"అననివ్వు. అక్కలన్నాక అంటారు. తమ్ముళ్లన్నాక పడతారు."

టేపు మెడలో వేసుకుని, "పైకి మెట్లు నిలువుగుంటయి మేడం, మీ మోకాళ్లు..." అన్నాడు.

"మోకాళ్లను నేను మాట్లాడుకుంటాను. నువ్వు గది సంగతి మాట్లాడు" అన్నాను. గదికి ఒక కిటికీ ఉంది. అందులోంచి బజారంతా కనబడుతుంది, అందరి వీపులూ.

నిన్న సామాను చేరింది. మనీష, ఇంకో ఇద్దరు పిల్లలు వచ్చి మోశారు. నేను మెట్ల మీద రెండుసార్లు ఆగి కూర్చుని ఎక్కాను, ఎవరి చేయీ పట్టుకోలేదు. రామగిరి ఇంటి తాళంచెవి నాగరాణి దగ్గర పెట్టాను. అందులో నువ్వే వచ్చి ఉంటావో, కిరాయికిస్తావో, యశోదతో మాట్లాడి తేల్చుకో. నేను జడ్చర్ల రాను, రామగిరికి తిరిగి వెళ్లను. సలహా కోసం ఇది రాయలేదు. గాలయ్యతో కాగితం మీద సంతకం చేసి నెలైంది.

నీ అక్క
సుచరిత